చిల్లీ కాన్ కార్నే: కొవ్వు, సెగ, శ్రమ – ఒక టెక్సాస్ వంటకపు సామాజిక చరిత్ర

వ్యాససంగ్రహం:

ఎండుమిరపకాయల ముద్దలో మాంసాన్ని గంటల తరబడి మగ్గించి చేసే వంటకం 'చిల్లీ కాన్ కార్నే'. ఇది అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందినది. దీని చరిత్రను రాసినవారు ఎక్కువగా పుట్టుక గురించిన కథల మీద, చిక్కుడుగింజలు వేయాలా వద్దా అనే వాదం మీద దృష్టి పెట్టారు. ప్రస్తుత వ్యాసం కొవ్వు, సెగ అనే రెండు భౌతికాంశాలను ఆధారం చేసుకొని ఈ వంటకం నడిచిన దారిని పరిశీలిస్తుంది. కొవ్వు తక్కువైన మాంసాన్ని ఓవెన్‌లో సన్నసెగ మీద వండే నేటి పద్ధతి కేవలం ఆరోగ్యస్పృహ వల్ల పుట్టిన కొత్త పోకడ కాదనీ, పేదరికం నాటి తొలి వంటతో దానికి పోలిక ఉందనీ, ఈ రెండింటి నడుమ మరుగునపడినది శాన్ ఆంటోనియో స్త్రీల శ్రమ అనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: చిల్లీ కాన్ కార్నే, టెక్సాస్, శాన్ ఆంటోనియో, మిరప, సన్నసెగ, స్త్రీల శ్రమ, ఆహారచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ఆహారచరిత్రకు లిఖితాధారాలు తక్కువ. రాజుల విందులు గ్రంథాలకెక్కుతాయి గాని, పేదల పొయ్యి మీద ఉడికినదాన్ని రాసిపెట్టేవారు అరుదు. అందువల్ల అటువంటి వంటకాల చరిత్రను నిర్మించేటప్పుడు బాటసారుల రాతలు, నగరపాలక నిబంధనలు, వ్యాపార ముద్రలు వంటి పరోక్షాధారాలను ఆశ్రయించవలసి వస్తుంది. వీటికి తోడుగా వంటకమే ఒక ఆధారం. ఏ కండను ఎన్నుకున్నారు, ఎంత కొవ్వు వాడారు, ఏ సెగ మీద ఎంతసేపు ఉంచారు అన్న ప్రశ్నలకు దొరికే జవాబులు ఆ వంట చేసినవారి స్థితిగతులను తెలుపుతాయి. చిల్లీ కాన్ కార్నే ఇందుకు తగిన ఉదాహరణ.

2. పేరు – పదార్థం:

'చిల్లి' అన్నది మెక్సికోలోని అజ్‌టెక్‌ల భాష అయిన నావాట్ల్‌లో మిరపకాయకు ఉన్న పేరు. స్పానిష్ భాషలో అది 'చిలె' అయింది. 'కాన్ కార్నే' అంటే మాంసంతో కూడినది. పేరులో ముందు వచ్చేది మాంసం కాదు, మిరప. అంటే ఇది కారం వేసిన మాంసం కాదు, మాంసం వేసిన మిరప. ఈ క్రమాన్ని గుర్తిస్తేనే వంటకపు నిర్మాణం అర్థమవుతుంది. ఇందులో మిరప రుచికోసం చల్లే దినుసు కాదు. పులుసుకు చిక్కదనాన్నీ రంగునూ ఇచ్చే మూలపదార్థం. పొబ్లానో అనే మిరపరకాన్ని ముదరబెట్టి ఎండబెడితే వచ్చే 'ఆంచో' కాయలను నానబెట్టి, నూరి, ఆ ముద్దలో మాంసాన్ని ఉడికించడం దీని ప్రధాన ప్రక్రియ. జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో అనుబంధ దినుసులు.

16వ శతాబ్దిలో మెక్సికోలో నివసించిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో ద సహగున్ స్థానికుల సహాయంతో కూర్చిన ఫ్లోరెంటైన్ కోడెక్స్‌లో, అంగళ్లలో అమ్మే పలురకాల మిరప పులుసుల ప్రస్తావన ఉంది. కాబట్టి మిరపముద్దలో వండే పద్ధతికి మూలం ఆదివాసీ సంస్కృతిలో ఉన్నదని చెప్పవచ్చు. జీలకర్ర, వెల్లుల్లి, గొడ్డుమాంసం మాత్రం స్పానిష్ వలస తరువాత చేరినవి. అందుచేత చిల్లీ ఒకరి సొత్తు కాదు. రెండు ఖండాల దినుసులు సరిహద్దు ప్రాంతంలో కలిసినప్పుడు రూపొందిన వంటకం.

3. లేమి నాటి వంట:

టెక్సాస్‌లో ఈ వంటకానికి సంబంధించిన తొలి లిఖిత ప్రస్తావనలలో ఒకటి 1828 నాటిది. అప్పటికి టెక్సాస్ మెక్సికోలో భాగం. ఆ సంవత్సరం శాన్ ఆంటోనియోను చూసిన జె. సి. క్లాపర్ అనే యాత్రికుడు అక్కడి పేద కుటుంబాల వంటను వర్ణించాడు. మాంసం కొనుక్కోవలసి వచ్చినప్పుడు కొద్దిపాటి మాంసాన్నే చిన్న ముక్కలుగా కోసి, ముక్కలెన్నో దాదాపు అన్ని మిరపకాయలు చేర్చి, అంతా కలిపి ఉడికించి ఇంటిల్లిపాదీ తినేవారని అతని వర్ణన సారాంశం. చిల్లీ అనే పేరు అతడు వాడలేదు. అయినా వంటకపు తర్కం అందులో స్పష్టంగా ఉంది. మాంసం చాలనిచోట మిరప దానికి సాయపడింది.

ఆ ప్రాంతపు పశువుల స్వభావాన్ని కూడా ఇక్కడ పరిగణించాలి. స్పానిష్ వలసదారులు తెచ్చిన పశువుల సంతతి నుంచి రూపొందిన లాంగ్‌హార్న్ జాతి పచ్చికబీళ్లలో స్వేచ్ఛగా తిరిగి పెరిగేది. దాని కండలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. కాల్చి తినడానికి ఆ మాంసం అంతగా పనికిరాదు. చిన్న ముక్కలుగా కోసి, సన్నసెగ మీద చాలాసేపు ఉడికించడమే దాన్ని లొంగదీసే మార్గం. అంటే కొవ్వు తక్కువైన మాంసం, దీర్ఘకాల పాకం అన్నవి ఈ వంటకానికి ఆరంభదశలోని అనివార్యతలు. అవి ఎవరో కోరి ఎన్నుకున్నవి కావు.

మరి కొవ్వు ఎప్పుడు చేరింది? భూభౌతిక శాస్త్రవేత్త, చమురు పారిశ్రామికవేత్త, చిల్లీ చరిత్రపై ఆసక్తి కలిగిన ఎవరెట్ లీ డిగోలియర్ అందించిన కథనం ప్రకారం, 19వ శతాబ్ది మధ్యకాలంలో దూరప్రయాణాలు చేసేవారు ఎండిన మాంసాన్ని, పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వును, మిరపను, ఉప్పును కలిపి దంచి ఇటుకలవంటి దిమ్మెలుగా చేసుకొని వెంట తీసుకుపోయేవారు. మజిలీలో ఆ దిమ్మెను నీటిలో వేసి కాస్తే భోజనం సిద్ధమయ్యేది. ఈ కథనాన్ని ఐతిహ్యంగానే స్వీకరించినా, అందులో కొవ్వు నిర్వహించే పాత్ర గమనార్హం. అది మాంసానికి గాలి తగలకుండా కాపాడుతుంది, శక్తినిస్తుంది, మిరప రంగునూ కారాన్నీ తనలో ఇముడ్చుకుంటుంది. మిరపకు కారాన్నిచ్చే కాప్సైసిన్, ఎరుపునిచ్చే కాప్సాంథిన్ రెండూ కొవ్వులో కరిగేవే. నీటిలో దాదాపుగా కరగవు. కొవ్వులేని కండతో వండే చిల్లీకి ఉన్న అసలు చిక్కు ఇదే.

4. కూడలిలో స్త్రీలు:

1877లో రైలుమార్గం శాన్ ఆంటోనియోకు చేరింది. పశువుల వ్యాపారులు, సైనికులు, బండ్లు తోలేవారు, యాత్రికులు నగరానికి రావడం పెరిగింది. వారికి రాత్రిపూట భోజనం పెట్టినవారు మెక్సికన్ సంతతి స్త్రీలు. పత్రికలు వారిని 'చిల్లీ క్వీన్స్' అన్నాయి. ఇళ్లలో వండిన చిల్లీని పెద్ద పాత్రలలో బండ్ల మీద మిలిటరీ ప్లాజా అనే కూడలికి తెచ్చి, మెస్కీట్ కట్టెల నిప్పు మీద వెచ్చగా ఉంచి, లాంతర్ల వెలుగులో పొడవాటి బల్లల మీద వడ్డించేవారు. ఈ వ్యాపారం పొద్దుగుంకిన తరువాత మొదలై రాత్రి చాలాసేపటి వరకు సాగేది.

రచయితల దృష్టి కూడా వీరిపై పడింది. 1895లో శాన్ ఆంటోనియోకు వచ్చిన స్టీఫెన్ క్రేన్ ఆ బహిరంగ భోజనశాలల కారపు ఘాటును నరకాగ్నితో పోల్చాడు. ఓ. హెన్రీ 'ది ఎన్‌చాంటెడ్ కిస్' అనే కథలో ఈ కూడలిని నేపథ్యంగా తీసుకున్నాడు. అయితే ఇటువంటి రచనలలో ఆ స్త్రీలు రంగుల దృశ్యంలో భాగంగా కనిపిస్తారే తప్ప వృత్తినిపుణులుగా కనిపించరు. ఏ వేళకు కాయలు నానబెట్టాలి, అడుగంటకుండా ఎంత తరచుగా కలపాలి, ఎప్పుడు కట్టె వెనక్కి లాగాలి అన్న జ్ఞానం వారి చేతులలోనే ఉండిపోయింది. అది గ్రంథస్థం కాలేదు.

నగరం ఎదిగేకొద్దీ వారికి చోటు కరువైంది. 1889లో మిలిటరీ ప్లాజాలో నగరపాలక భవన నిర్మాణం మొదలై 1891లో పూర్తయింది. ఆ స్త్రీలు ఇతర కూడళ్లకు తరలవలసి వచ్చింది. 1930వ దశకంలో ఆరోగ్యశాఖ నిబంధనలు బిగిసాయి. 1939లో మేయర్ మారీ మావెరిక్ వారిని మళ్లీ అనుమతించినా, ఆ పునరుద్ధరణ ఎక్కువకాలం నిలవలేదు. 1940వ దశకం తొలి సంవత్సరాలకు ఆ సంప్రదాయం ముగిసిపోయింది. పారిశుద్ధ్యం అవసరమే. కాని అమ్మకందారులకు నీటివసతి, కప్పు ఉన్న స్థలం సమకూర్చి వృత్తిని నిలబెట్టడం ఒక మార్గం, వారిని తొలగించడం మరొక మార్గం. అమలులోకి వచ్చింది రెండవది.

5. పొడి, డబ్బా, ముద్ర:

కూడలిలో స్త్రీలు వెనుకకు జరుగుతున్న దశలోనే వంటకం మార్కెట్టులో ముందుకు జరిగింది. 1893లో చికాగోలో జరిగిన కొలంబియన్ ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ దుకాణం వెలిసి, ఈ రుచిని టెక్సాస్ వెలుపలి వారికి పరిచయం చేసింది. న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో భోజనశాల నడిపిన జర్మన్ వలసదారుడు విలియం గెభార్ట్ మెక్సికో నుంచి ఆంచో కాయలను తెప్పించి, పొడిచేసి, 1890వ దశకంలో 'ఈగిల్ బ్రాండ్' పేరుతో అమ్మకం ప్రారంభించాడు. కొద్దికాలంలోనే అతని కర్మాగారం శాన్ ఆంటోనియోలో స్థిరపడింది. కోర్సికానాలో లైమన్ డేవిస్ 1895 నుంచి బండి మీద చిల్లీ అమ్మి, తరువాతి కాలంలో 'వుల్ఫ్ బ్రాండ్' పేరుతో డబ్బాల్లో నింపాడు.

చిల్లీ పొడి తెచ్చిన మార్పు చిన్నది కాదు. కాయ దొరికే కాలంతో పనిలేకుండా ఏడాది పొడవునా వంట సాధ్యమైంది. కాయను వేయించి, నానబెట్టి, నూరే శ్రమ తప్పింది. దానితోపాటే ఆ శ్రమ చేసినవారి అవసరమూ తప్పింది. వ్యాపారముద్ర పొందినవారి పేర్లు దస్తావేజులలో నిలిచాయి. వంటను పెంచి పోషించిన స్త్రీలలో అత్యధికుల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

వ్యాప్తితోపాటు రూపాంతరాలూ వచ్చాయి. 1922లో సిన్సినాటిలో మాసిడోనియా నుంచి వచ్చిన కిరాజెఫ్ సోదరులు తమ ప్రాంతపు దినుసులతో చిల్లీని మార్చి, స్పాగెట్టీ మీద వడ్డించారు. మరోవైపు, మెక్సికన్ నిఘంటుకర్త ఫ్రాన్సిస్కో సాంతామరియా 1959లో వెలువడిన తన నిఘంటువులో, ఇది మెక్సికోది కాకున్నా ఆ పేరుతో చలామణి అవుతున్న హేయమైన తిండి అన్న అర్థంలో నిర్వచించాడు. మెక్సికో కాదన్నది, టెక్సాస్ తనదన్నది. 1967లో టెర్లింగ్వా అనే పాడుబడిన గనుల ఊరిలో టెక్సాస్ పత్రికారచయిత విక్ ఫౌలర్‌కూ, హాస్యరచయిత హెచ్. ఆలెన్ స్మిత్‌కూ మధ్య జరిగిన వంటపోటీ ఎవరూ గెలవకుండా ముగిసి, ఏటేటా జరిగే ఉత్సవాలకు నాంది అయింది. 1977లో టెక్సాస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. కూడలి నుంచి తొలగింపుకు, శాసనసభ గౌరవానికి మధ్య గడిచింది నాలుగు దశాబ్దాలలోపే.

6. కొవ్వు తొలగిన సందర్భం:

20వ శతాబ్ది మధ్యభాగం వరకు టెక్సాస్ చిల్లీలో గొడ్డుకొవ్వు ప్రతిష్ఠ చెక్కుచెదరలేదు. ముందుగా కొవ్వును కరిగించి, అందులో మాంసం వేయించడం ఆనవాయితీ. ఈ ఆనవాయితీ సడలిన ప్రసిద్ధ సందర్భం లిండన్ జాన్సన్ ఇంటిది. 1955లో సెనేట్‌లో అధికపక్ష నాయకుడుగా ఉన్నప్పుడు ఆయనకు తీవ్రమైన గుండెపోటు వచ్చింది. వైద్యుల సలహా మేరకు ఇంటి చిల్లీలో గొడ్డుకొవ్వు మానివేశారు. గొడ్డుమాంసం కంటే కొవ్వు తక్కువగా ఉండే జింకమాంసం దొరికినప్పుడు ఆయన దానినే ఇష్టపడేవాడు. ఆయన అధ్యక్షుడైన తరువాత ఈ వంట వివరం కోరుతూ వేలాది లేఖలు రావడంతో, లేడీ బర్డ్ జాన్సన్ దాన్ని కార్డుల మీద అచ్చువేయించి పంపించారు. అదే 'పెడర్నాలెస్ రివర్ చిల్లీ'. కొవ్వు తీసివేసిన చిల్లీకి దీనివల్ల దేశవ్యాప్త మర్యాద దక్కింది.

ఇక్కడ ఒక చారిత్రక విపర్యయం ఉంది. 1828 నాటి పేద ఇంటిలో మాంసం కొద్దిపాటిదే కావడానికి కారణం లేమి. శ్వేతసౌధంలో కొవ్వు తొలగడానికి కారణం వైద్యం. ఒకటి విధి, మరొకటి విధానం. అయితే పొయ్యి మీది పాత్రకు ఈ భేదం తెలియదు. రెండు చోట్లా నార కలిగిన కండను మెత్తబరచవలసిన సమస్య ఒక్కటే, పరిష్కారమూ ఒక్కటే.

7. సన్నసెగ – ఓవెన్:

ఆ పరిష్కారపు పనితీరును పరిశీలిస్తే ఓవెన్ ఎందుకు ఈ వంటకు అనువైనదో అవగతమవుతుంది. కండలో రెండు భాగాలున్నాయి. కండపోగులు వేడికి ముడుచుకొని నీటిని వదిలేస్తాయి. వాటిని కట్టి ఉంచే కొల్లాజెన్ అనే సంధాయక పదార్థం సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత వదులై, 70 డిగ్రీలు మించిన వేడిలో గంటల వ్యవధిలో జెలటిన్‌గా మారుతుంది. ఈ జెలటిన్ పోగుల నడుమ చేరి, ఎండిపోయిన కండకు మృదుత్వాన్ని, పులుసుకు చిక్కదనాన్ని ఇస్తుంది. కొవ్వు చేయవలసిన పనిలో కొంత జెలటిన్ చేస్తుంది. అందువల్ల 'కొవ్వు తక్కువైన మాంసం' అని ఒకే గాటన కట్టడం పొరపాటు. నడుము కండలో కొవ్వూ తక్కువే, కొల్లాజెనూ తక్కువే. అది ఎంత ఉడికితే అంత ఎండుతుంది. జబ్బ, పిక్క భాగాల నుంచి పైకొవ్వు తీసివేసిన కండలో కొల్లాజెన్ మెండు. పేదవాడి కొనుగోలుకు అందిన చౌక భాగాలే ఈ వంటకు శ్రేష్ఠమైనవి కావడం యాదృచ్ఛికం కాదు. వంటకం ఆ భాగాల చుట్టూనే పెరిగింది.

పొయ్యి మీద సెగ అడుగు నుంచే తగులుతుంది. మిరపముద్ద చిక్కనిది కనుక అడుగంటి మాడుతుంది. నిరంతరం కలిపే మనిషి కావాలి. ఓవెన్‌లో వేడి నలువైపుల నుంచి సమంగా తగులుతుంది. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ పశువుల తరలింపు కోసం రూపొందించిన వంటబండి కాలంలోనే, పోత ఇనుప పాత్ర మూత మీద కూడా నిప్పులు పోసి ఇటువంటి ఫలితాన్ని సాధించేవారు. 20వ శతాబ్ది తొలి దశకాలలో వేడిని తనంతట తానే నియంత్రించుకునే ఓవెన్లు గృహాలకు చేరాక, నిప్పును కనిపెట్టుకుని ఉండే పని యంత్రానికి బదిలీ అయింది.

నేటి పద్ధతిలో ఆంచో కాయలను తొడిమ, గింజ తీసి, దోరగా వేయించి, వేడినీటిలో నానబెట్టి నూరుతారు. రెండు మూడు చెంచాల నూనెలో మాంసపు ముక్కలను రంగు తిరిగేవరకు వేయించి తీసి, అదే నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, మిరపముద్దను వేగనిస్తారు. కొవ్వులేని కండతో చేసే వంటలో ఈ మెట్టు కీలకం. కారమూ రంగూ కరగడానికి తగిన మాధ్యమం ఆ కొద్దిపాటి నూనె మాత్రమే. తరువాత ముక్కలు మునిగేంత నీరు చేర్చి, మందపాటి పాత్రలో, మూతను కొద్దిగా ఓరగా ఉంచి, 120 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు ఉంచుతారు. మూత సందు నుంచి ఆవిరి పోవడం వల్ల పులుసు తెర్లకుండా, మరిగే స్థాయికి కొంచెం దిగువనే నిలుస్తుంది. చివర సున్నపునీటిలో ఉడికించిన మొక్కజొన్నల పిండిని చిక్కదనానికి కలపడం మెక్సికన్ వారసత్వపు గుర్తు. వంటను చల్లార్చి మరునాటి వరకు ఉంచితే మిగిలిన కొవ్వు పైన గడ్డకడుతుంది. దాన్ని సులువుగా తీసివేయవచ్చు.

8. మిరప – తెలుగు నేల:

ఈ చరిత్రలో తెలుగువారికీ ఒక సంబంధం ఉంది. మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు నావికుల ద్వారా 16వ శతాబ్దిలో భారతదేశానికి చేరింది. కొత్త కాయకు తెలుగువారు పాత ఘాటుదినుసు పేరునే అనుసరించి పేరు పెట్టుకున్నారనడానికి మిరియం, మిరప అనే పదాల సామ్యం సాక్ష్యం. స్పానిష్‌లో మిరియాన్ని తెలిపే 'పిమియెంతా' నుంచి మిరపకు 'పిమియెంతో' అన్న పేరు ఏర్పడటం ఇటువంటిదే. గుంటూరు మిరపకాయకు కారం ప్రధానం. ఆంచోకు రంగు, కండ, తీపిదనం ప్రధానం. ఆంచో పాత్రకు దగ్గరగా వచ్చేది వరంగల్ ప్రాంతపు చపాటా మిరప. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ రకానికి ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. మిరపను దినుసుగా కాక పులుసుకు మూలపదార్థంగా వాడాలంటే ఇటువంటి కాయే కావాలి. గుంటూరు కారంతో ఆ పరిమాణంలో వండితే తినడం అసాధ్యం. ఒకే మొక్క సంతతి రెండు నేలల్లో రెండు భిన్నమైన వంటతర్కాలకు దారితీసిన తీరు తులనాత్మక పరిశోధనకు అర్హమైనది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కొవ్వు తక్కువైన మాంసాన్ని సన్నసెగ మీద వండటం చిల్లీకి ఆరోగ్యశాస్త్రం అంటగట్టిన లక్షణం కాదు. వంటకపు తొలి పరిస్థితులే దాన్ని నిర్ణయించాయి. రెండవది, కొవ్వు రాకపోకలు ఆర్థిక, వైద్య, వ్యాపార కారణాలను అనుసరించాయి గాని రుచిని మాత్రమే అనుసరించలేదు. మూడవది, వంటకం గౌరవం పొందే క్రమంలో దాన్ని వండినవారు గౌరవానికి దూరమయ్యారు. పొడి చేసినవారికి వ్యాపారముద్ర, పోటీ పడినవారికి ప్రఖ్యాతి, రాష్ట్రానికి చిహ్నం దక్కాయి. కూడలిలో రాత్రంతా నిప్పును కాచుకున్నవారికి దక్కినది పత్రికలు పెట్టిన ఒక బిరుదు మాత్రమే.

ఓవెన్ మీట తిప్పి, మూడు గంటల తరువాత తలుపు తెరిచే నేటి వంటింటిలో యంత్రం చేసే పని ఒకప్పుడు ఆ స్త్రీల కళ్లు, చేతులు చేసినదే. వంటకాల చరిత్రను దినుసుల పట్టికగా కాక శ్రమచరిత్రగా చదవడం ఎందుకు అవసరమో ఈ ఒక్క పాత్ర తెలుపుతుంది.